ముందు పుడ్డింగు

మా ఆయన క్లిఫర్డ్ ఇరవై ఏళ్లుగా లాంప్‌మ్యాన్ పబ్బు గడప తొక్కలేదు. తొక్కనని ఒట్టేమీ పెట్టుకోలేదు, ఒట్లు పెట్టుకునే మనిషి కాదు. ఆ వీధిలోకి రాగానే అవతలి వైపుకి దాటి, పబ్బు వెనక పడ్డాక మళ్లీ ఇవతలికి వచ్చేవాడు. వానలో కూడా అంతే. నేను ఇవతలే నడిచేదాన్ని. నా మోకాళ్లకి అన్నిసార్లు రోడ్డు దాటే ఓపిక లేదు.

ఒకప్పుడు అది రైలుపెట్టెల కార్ఖానా వాళ్ల పబ్బు. ఆ కార్ఖానాలో క్లిఫర్డ్ ముప్ఫై ఒక్క ఏళ్లు పెట్టెలకు రంగులు వేశాడు. శుక్రవారం సాయంత్రం పని దిగగానే మనుషులు రంగు మరకల బట్టలతోనే వచ్చి ఇరుకు గదుల్లో భుజాలు రాసుకుంటూ నిలబడి తాగేవాళ్లు. తర్వాత కార్ఖానా మూతపడింది, పబ్బు చేతులు మారింది. కొత్తవాళ్లు గోడలు పడగొట్టి మూడు గదుల్ని ఒక్కటే హాలు చేశారు. రైలు మ్యూజియం రెండడుగుల దూరంలోనే ఉంది కదా, చూసొచ్చిన జనం పిల్లాపాపలతో అక్కడికే వచ్చి పడతారు. వాళ్ల కోసం ఎత్తు కుర్చీలు, రంగు పెన్సిళ్లు, వెనక పెరట్లో ఒక ఆటస్థలం.

"పబ్బులో జారుడుబల్ల పెట్టారటే ఎనిడ్! జారుడుబల్ల!" అని క్లిఫర్డ్ ఆ రోజు ఇంటికొచ్చి టోపీ విసిరికొట్టాడు. ఎవరైనా పోయినా ఆయన అంత బాధపడగా నేను చూడలేదు.

అలాంటి మనిషిని అక్కడికి తీసుకెళ్లాల్సిన పని నాకు పడింది. కారణం మా మనవరాలు బ్రయనీ. మా అమ్మాయి లొరైన్ కూతురు, ఇరవై ఆరేళ్లది. లాంప్‌మ్యాన్ వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరి, ఆరేళ్లలో పెద్ద వంటమనిషి అయింది. ఆదివారం మధ్యాహ్నం మూడొందల మందికి వండి వడ్డించే వంటిల్లు అది. గరిటె పట్టుకున్న మగాళ్లు నలుగురు దీని మాట వింటారు. క్లిఫర్డ్ ముందు ఆ సంగతి ఎత్తితే మాత్రం "ఊఁ" అని పేపరు తిరగేసేవాడు.

ఆ వారం బుధవారం బ్రయనీ ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, ఈ ఆదివారం పుడ్డింగులు నేనే చేస్తున్నా. ఫ్యాక్టరీవి కాదు. మనింట్లో లాగా. ముందు పుడ్డింగు, ఆ తర్వాతే మాంసం."

"పబ్బులోనా?" అన్నాను నేను.

"పబ్బులోనే. జస్టిన్‌ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

మా యార్క్‌షైర్‌లో పాత ఇళ్లలో అదే పద్ధతి. ఈ పుడ్డింగు తీపిది కాదు. పిండి, గుడ్లు, పాలు కలిపి, పొగలు కక్కే ఎద్దు కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే పొంగుతుంది. అంచులు కరకరలాడాలి, నడుమ గుంట పడాలి, ఆ గుంటలో ఉల్లిపాయ గ్రేవీ పొయ్యాలి. ప్లేటులో ఇంకేమీ లేకుండా ముందు దాన్నొక్కదాన్నే తినెయ్యాలి. మా అత్తగారింట్లో ఏడుగురు పిల్లలు, వాళ్లందరికీ కలిపి గుప్పెడంత మాంసం. రెండో పుడ్డింగు తిన్నవాడికి మాంసం పెద్ద ముక్క పెడతానని ఆవిడ ఆశ చూపేది. రెండు తిన్నాక ఎవడి కడుపులో చోటుంటుంది? ఆ కిటుకు క్లిఫర్డ్‌కి ఈ రోజు వరకూ తెలియదు. నేను చెప్పినా మా అమ్మ అలాంటిది కాదంటాడు.

ఇప్పుడు అందరూ అన్నీ ఒకే ప్లేటులో కుక్కేస్తున్నారు. లాంప్‌మ్యాన్‌లో కూడా అంతే, పైగా పుడ్డింగులు ఫ్రీజర్ పెట్టెల్లోంచి వస్తాయి. జస్టిన్ ఆ పబ్బు మేనేజరు. లండన్ వైపువాడు. మంచివాడే గానీ ప్రతిదానికీ పై ఆఫీసు అంటాడు. ఒక్క ఆదివారం ఇస్తానన్నాడట. టేబుళ్ల నుంచి గోల లేకపోతే ఈ పద్ధతే ఉంచుతాడు, గోలైతే మళ్లీ ఫ్రీజర్ పెట్టెలే.

"ఫ్రీజర్ పెట్టెలే అయితే నేను మానేస్తా అమ్మమ్మా," అంది బ్రయనీ. "కవరు చింపడానికి వంటమనిషి ఎందుకు? కత్తెర చాలు. నువ్వూ తాతయ్యా రావాలి. ఒంటిగంటకి టేబులు రాయించాను."

నాకు గర్వంతో ఛాతీ నిండిపోయింది. లోపల ఎక్కడో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. దాచుకోవడం దేనికి, ఉన్నమాటే చెబుతాను. ఈ పేటలో పుడ్డింగు అంటే ఎనిడ్ ఆక్రాయిడ్‌దే. యాభై ఒక్క ఏళ్లుగా ప్రతి ఆదివారం నేనే చేశాను. చర్చి పోటీలో తొమ్మిదిసార్లు మొదటి బహుమతి నాదే. పదోసారి పాస్టరు గారి భార్యకిచ్చారు, ఎందుకిచ్చారో అందరికీ తెలుసు.

క్లిఫర్డ్‌ని అడిగితే పేపరు దించకుండానే బేరం పెట్టాడు.

"వస్తాను. కానీ పుడ్డింగు నీదే తింటాను. మూటగట్టుకురా."

"పబ్బుకి ఇంటి నుంచి తిండి పట్టుకెళతారటయ్యా ఎవరైనా? దాని పరువేం కాను?"

"సంచిలో పెట్టుకో. ఎవరు చూస్తారు? అంతమంది పిల్లల గోలలో మనిషి చచ్చినా చూడరు."

ఆ మాటకి నేను ఒంటికాలి మీద లేవాల్సింది. లేవలేదు. నా చేతి పుడ్డింగు తప్ప ఇంకోటి ముట్టనంటున్నాడు కదా అని లోపల్లోపల పొంగిపోయాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఓవెన్ వెలిగించి నాలుగు చేశాను. బిస్కెట్ల డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, చేతిసంచిలో సర్దాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

లాంప్‌మ్యాన్ తలుపు దగ్గర క్లిఫర్డ్ టోపీ తీసి, ఆగి, హాలంతా ఒకసారి చూశాడు. పిల్లలు బొమ్మ ఇంజన్లను కార్పెట్ మీద తోస్తున్నారు. ఒక తల్లి బిడ్డని బల్ల మీదే కూర్చోబెట్టి మూతి తుడుస్తోంది. కుర్చీల కింద రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఎవరో తాత పుట్టినరోజుకి పదిహేనుమంది బల్లలు కలుపుకుని కూర్చున్నారు. మగాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ ఉన్నారు, అదీ నవ్వుతూ.

"సిగరెట్టు వాసన లేదు," అన్నాడు క్లిఫర్డ్, అదేదో దొంగతనం జరిగినట్టు.

"నీ దగ్గు కూడా ఉండదు, పద," అన్నాను.

బారు దగ్గర లావుపాటి అమ్మాయి ఆయనకి ఒక పింటు బీరు పట్టి, పైన నురగ చూసుకుని, ఇంకాస్త పోసి అందించింది. "ఇదిగో బంగారం. బ్రయనీ వాళ్ల తాతయ్యవి కదూ? ముక్కు చూసి పట్టేశాను." ఆయన ముక్కు తడుముకున్నాడు. ఒక గుక్క తాగి ఏమీ అనలేదు. బాగులేకపోతే అనేవాడు.

కిటికీ పక్క బల్ల మాది. మా పక్క బల్ల దగ్గర మ్యూజియం నుంచి వచ్చిన ఒక కుటుంబం. తండ్రి, తల్లి, రైలు గార్డు టోపీ పెట్టుకున్న ఆరేడేళ్ల పిల్ల. మాట తీరు చూస్తే ఈ ప్రాంతం వాళ్లు కాదు. వాళ్లకి అప్పటికే పుడ్డింగులు వచ్చాయి. తండ్రి వడ్డించే అమ్మాయిని ఆపాడు.

"మేము మాంసం చెప్పాం కదండీ. ఇదేంటి, ఒట్టి ఇదే తెచ్చారు?"

"ముందు ఇది సార్. తర్వాత అది."

"రెండూ ఒకేసారి తేవచ్చుగా? చల్లారిపోతుంది."

అటు దూరంగా ఇంకో బల్ల దగ్గర కూడా ఎవరో చెయ్యెత్తారు. జస్టిన్ బారు పక్కన నిలబడి అన్నీ గమనిస్తున్నాడు. మొహంలో చెమట కనిపిస్తోంది. బ్రయనీ పని ఈ రోజుతో సరి అనుకున్నాను.

అంతలో మా ప్లేట్లు వచ్చాయి. పుడ్డింగు నా రెండు గుప్పిళ్లంత ఉంది. అంచులు ముదురు రంగుకి తిరిగి, నడుమ గుంటలో గ్రేవీ కొద్దిగా కదులుతోంది.

క్లిఫర్డ్ దాన్ని పక్కకి జరిపాడు. "నీది తియ్యి."

"ఇది చూడు ఎలా ఉందో. ఒక్క ముక్క తిని చూడవయ్యా."

"బేరం బేరమే. తియ్యి."

సంచి ఒళ్లో పెట్టుకుని, తువ్వాలు విప్పి, డబ్బా మూత ఊడదీశాను. ఆ మూత టక్‌మని చప్పుడు చేసింది. గార్డు టోపీ పిల్ల తల తిప్పింది.

"అమ్మా! ఆ మామ్మ సంచిలో కూడా ఇవే ఉన్నాయి! ఇంటి నుంచి తెచ్చుకుంది!"

పిల్ల గొంతు కంచులా మోగింది. పక్క బల్లలన్నీ తిరిగాయి. ఆ తండ్రి నా డబ్బా వంక చూసి, తన ప్లేటు వంక చూసి, ముల్లుగరిటె కింద పెట్టేశాడు. డబ్బా మూత కోసం ఒళ్లో తడుముకున్నాను. జస్టిన్ రెండంగల్లో మా దగ్గరికొచ్చి వంగి, మెల్లగా మాట్లాడాడు. అరిచినా బాగుండేది.

"మిసెస్ ఆక్రాయిడ్, బయటి తిండి తేకూడదని బోర్డు ఉందమ్మా. అది సరే. వంటమనిషి సొంత అమ్మమ్మే ఇంటి నుంచి మోసుకొచ్చుకుంటే, మిగతావాళ్లని తినమని నేనెలా అడగను? పై ఆఫీసుకి ఏం చెప్పుకోను?"

నాకు తల కొట్టేసినట్టయింది. క్లిఫర్డ్ కిటికీలోంచి మ్యూజియం వైపు చూస్తున్నాడు, తనకేమీ సంబంధం లేనట్టు. అప్పుడు వంటింటి తలుపు దగ్గర బ్రయనీ కనిపించింది. మోచేతుల దాకా పిండి. టేబుళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని వచ్చినట్టుంది. నా ఒళ్లో డబ్బాని చూసింది. కోపం రాలేదు దానికి. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు ఏడవకుండా పెదవి బిగపట్టేది, అదే మొహం పెట్టింది.

"అమ్మమ్మా," అంది.

నేను లేచాను. కోపం వస్తే నేను పొడుగవుతానని క్లిఫర్డ్ అంటూ ఉంటాడు. ఆ కోపం ఇంకెవరి మీదా కాదు, నా మీదే.

"కూర్చో బాబూ," అన్నాను జస్టిన్‌తో, కుర్చీ లాగి. "నువ్వు కూడా ఇలా రావే బ్రయనీ."

"అమ్మా, హాలు నిండా జనం ఉన్నారు..."

"ఉండనీ. కూర్చోమన్నానా? ఇదిగో, ఇది నా పుడ్డింగు. తొమ్మిదిసార్లు పోటీ గెలిచింది. ఈ ఊళ్లో దీనికి సాటి లేదని చర్చి గోడ మీద రాసుంది. ఇది నువ్వు తిను. దానిది నేను తింటాను. ఆ తర్వాత నేనేం చెబితే అది మీ పై ఆఫీసుకి చెప్పుకో."

జస్టిన్ ఏం చెయ్యాలో తెలియక నా పుడ్డింగు అంచు తుంచాడు. నేను కూర్చుని బ్రయనీ ప్లేటు ముందుకు లాక్కున్నాను. అందరూ చూస్తున్నారు. ఏం చెప్పాలో నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. బ్రహ్మాండం అనాలి. నాదానికంటే బాగుందని అనాలి. అబద్ధమైతే అవనీ. మనవరాలి కోసం ఆమాత్రం అబద్ధం ఆడలేకపోతే నేనేం అమ్మమ్మని? అలా సిద్ధపడే ముక్క నోట్లో పెట్టుకున్నాను.

అబద్ధం అవసరం పడలేదు.

అంచు నోట్లో చిట్లింది. లోపల మెత్తగా ఉంది, కానీ ఎక్కడా పచ్చి లేదు, బరువు లేదు. గ్రేవీ తగిలినా అడుగు నానలేదు. నాది పొద్దున చేసింది, చల్లారిపోయింది అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ వేడివేడిగా నాది ఎలా ఉంటుందో నాకు తెలియదా? యాభై ఒక్క ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా అడుగు ఇలా కుదరలేదు. ఇంకో ముక్క తిన్నాను. మూడోది కూడా తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరియాల వల్ల అని చెప్పడానికి అందులో మిరియాలు కూడా లేవు.

"కొవ్వు ఎంతసేపు కాచావే?" అని అడిగాను.

"పొగ వచ్చాక ఇంకో రెండు నిమిషాలు," అంది బ్రయనీ నెమ్మదిగా. "నువ్వు భయపడి ముందే పిండి పోసేస్తావు అమ్మమ్మా."

"నేనా? భయమా?"

"నువ్వే. ఓవెన్ అంటుకుంటుందని."

నిజమే. మా అత్తగారింట్లో ఒకసారి అంటుకుంది. అప్పటి నుంచి ఆ రెండు నిమిషాలు నేను ఆగలేదు. ఎవరూ గమనించలేదనుకున్నాను. స్టూలెక్కి నా పక్కన నిలబడి చూసిన నాలుగేళ్ల పిల్ల గమనించింది.

"వినండి!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పుట్టినరోజు తాత కూడా తిరిగి చూశాడు. "నా పేరు ఎనిడ్ ఆక్రాయిడ్. ఈ చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, నాకంటే బాగా పుడ్డింగు చేసేవాళ్లు ఉన్నారా అని. లేరంటారు. ఇప్పుడు నేను చెబుతున్నాను, ఉన్నారు. ఇదిగో, ఇది చేసింది. ఇది నాదానికంటే బాగుంది. ఇంటి నుంచి డబ్బా మోసుకురావడం నా బుద్ధి తక్కువ."

క్లిఫర్డ్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎనిడ్, ఒంట్లో బాగానే ఉందా?"

"నా ఒంటికేం? నువ్వు తిను."

ఆయన నన్ను చూశాడు, మనవరాల్ని చూశాడు, పక్కకి నెట్టిన ప్లేటుని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముక్కకి కనుబొమలు కదిలాయి. మిగిలినదంతా తలెత్తకుండా తినేసి, ఆఖరి అంచుతో ప్లేటులో గ్రేవీ అంతా తుడిచి అది కూడా నోట్లో వేసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. బ్రయనీ చేతులు ఏప్రన్ని నలిపేస్తున్నాయి.

"ఇంకోటుందా?" అన్నాడు.

తెలియనివాళ్లకి అది మామూలు మాట. క్లిఫర్డ్ ఆక్రాయిడ్ నోట అది పాతిక బహుమతుల పెట్టు. మా పెళ్లి రోజు నేనెలా ఉన్నానని అడిగితే "పర్లేదు" అన్న మనిషి. బ్రయనీ ఒక్కసారి నవ్వి, ఏడ్చి, పిండి చేత్తో మొహం తుడుచుకుని తెల్లగా అయిపోయింది.

అప్పటిదాకా చూస్తున్న పక్క బల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకండి పెద్దాయనా. దీన్ని ఎలా తినాలి?"

క్లిఫర్డ్ కుర్చీ వాళ్లవైపు తిప్పాడు. ఇరవై ఏళ్లు ఈ జనం మొహం చూడకుండా రోడ్డు దాటిన మనిషి, గార్డు టోపీ పిల్ల ముందుకి వంగాడు. "చూడమ్మాయ్, ముందు అంచు విరుచు. గ్రేవీలో ముంచు. ఆఁ, అలా. ఇదీ, రెండోదీ తిన్నావనుకో, మాంసం పెద్ద ముక్క నీకే."

పిల్ల రెండోది అడిగింది. దాని తండ్రీ అడిగాడు. చెయ్యెత్తిన దూరపు బల్లవాళ్లు వడ్డించే అమ్మాయిని పిలిచి వాళ్లకీ ఇంకోటి కావాలన్నారు. బ్రయనీ "ఓవెన్ తలుపు ఎవడైనా తీశాడంటే చెయ్యి విరుస్తా!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తింది. మాంసం వచ్చేసరికి క్లిఫర్డ్ రెండో పుడ్డింగు ముగించి, పెద్ద ముక్క వంక దిగాలుగా చూస్తూ బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు. కాసేపటికి "మా అమ్మ..." అని మొదలుపెట్టి, ఆపేసి, ఖాళీ పుడ్డింగు ప్లేటు వంకా మాంసం వంకా మార్చి మార్చి చూశాడు. నేను నా మాంసం ముక్క కోసుకున్నాను. ఆ రోజుకి నేను అన్నది చాలు.

జస్టిన్ నా పుడ్డింగు మొత్తం తినేశాడు, ఆ సంగతి కూడా చెప్పాలి. "మీది కూడా చాలా బాగుందమ్మా," అన్నాడు మర్యాదగా.

"బాగుంటుంది. ఈ పేటలో దీని తర్వాత రెండోది కదా," అన్నాను. ఆ మాట అనడం ఇంత తేలికని నాకు తెలియదు. "ఇంతకీ ఏమంటావు? ఫ్రీజర్ పెట్టెలా?"

అతను హాలంతా చూశాడు. వంటింట్లోంచి పళ్లేలు వస్తూనే ఉన్నాయి. "రేపు ఆ పెట్టెలు వెనక్కి పంపించేస్తాను. పై ఆఫీసు సంగతి నేను చూసుకుంటా. బ్రయనీకి మాత్రం మానెయ్యొద్దని చెప్పండి."

"అది మానేస్తే నీకంటే ముందు నేను ఒప్పుకోను."

పళ్లేలు తీశాక క్లిఫర్డ్ మ్యూజియంలో తను రంగు వేసిన రైలుపెట్టె చూపిస్తానని ఆ గార్డు టోపీ పిల్లని, వాళ్ల అమ్మానాన్నల్ని వెంటేసుకుని బయల్దేరాడు. నేను కోటు తొడుక్కుని బారు దగ్గరికి వెళ్లాను. అక్కడ పెద్ద పుస్తకం తెరిచి ఉంది. లావుపాటి అమ్మాయి పెన్ను అందుకుంది.

"వచ్చే ఆదివారం ఒంటిగంటకి ఇద్దరికి ఒక టేబులు," అన్నాను. "ఆ పై ఆదివారం కూడా. నేను ఓవెన్ వెలిగించడం మానేశాను."

"అలాగే బంగారం. ఏ పేరు మీద రాయమంటావు? ఆక్రాయిడ్ అనేనా?"

ఈ పేటలో ఆ పేరు చెబితే చాలు, నేనెవరో ఎవరినీ అడగనక్కర్లేదు. యాభై ఒక్క ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడి సంపాదించుకున్న పేరు.

"కాదు," అన్నాను. "బ్రయనీ వాళ్ల అమ్మమ్మ అని రాయి."